పిన్ను దూరితే చాలదు: చిన్న పరికరాలకు సరైన అడాప్టర్ ఎంచుకోవడం ఎలా?

రౌటరో, స్పీకరో, బల్ల మీది చిన్న ల్యాంపో నిక్షేపంలా ఉంటుంది. దాని అడాప్టర్ మాత్రం పోతుంది, లేదంటే ఎక్కడో పెట్టి మర్చిపోతాం. సొరుగు లాగితే నల్లటి అడాప్టర్లు అరడజను బయటపడతాయి. ఏది దేనిదో ఎవరికీ గుర్తుండదు. ఒక్కొక్కటే గుచ్చి చూస్తే ఒకదాని పిన్ను సరిగ్గా దూరుతుంది, లైటు కూడా వెలుగుతుంది. హమ్మయ్య అనుకుని వదిలేస్తాం.

అలా వదిలేయకూడదు. బయట 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లు ఉండే గుండ్రటి పిన్ను 5 వోల్టుల అడాప్టర్‌కీ ఉంటుంది, 9కీ ఉంటుంది, 12కీ, 24కీ కూడా ఉంటుంది. వోల్టేజిని బట్టి పిన్ను సైజు మారాలని జపాన్‌లో ఒక ప్రమాణం పెట్టారు గానీ, మార్కెట్లో దొరికే అడాప్టర్లు చాలావరకు దాన్ని పట్టించుకోవు. అందుకే పిన్ను సంగతి చివర్లో చూద్దాం. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

1. పరికరం ఏం అడుగుతోందో తెలుసుకోండి

మొదట చేతిలోకి తీసుకోవాల్సింది అడాప్టర్‌ని కాదు, పరికరాన్ని. తిరగేసి అడుగున చూడండి. పిన్ను గుచ్చే చోటు పక్కన చిన్న అక్షరాలు ఉండొచ్చు, బ్యాటరీ మూత లోపల స్టిక్కర్ ఉండొచ్చు. కొన్ని కంపెనీలు నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే పోతపోసి వదిలేస్తాయి, అది మామూలుగా చూస్తే కనబడదు. ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టి, ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి. మీకు కావలసినవి నాలుగే: ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ఏసీనా (దిశ మారుతూ ఉండే కరెంటు) డీసీనా (ఒకే దిశలో పోయే కరెంటు), పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి.

ఏమీ రాసి లేకపోతే మోడల్ నంబర్ పట్టుకుని యూజర్ మాన్యువల్ వెతకండి. చివరి పేజీల్లో సాంకేతిక వివరాల పట్టిక ఉంటుంది. మోడల్ పేరుతో పాటు వెర్షన్ నంబర్ కూడా సరిచూసుకోవాలి, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మిన రౌటర్‌కి వెర్షన్ మారినప్పుడు వోల్టేజి కూడా మారిపోవచ్చు. ‘ఈ మోడల్‌కి సరిపోతుంది’ అని అమ్మేవాళ్ళు రాసే ఒక్క వాక్యాన్ని నమ్ముకుని కొనకండి.

బ్యాటరీలతోనూ నడిచే పరికరమైతే ఇంకో ఆధారం దొరుకుతుంది. మామూలు పెన్సిల్ సెల్ ఒక్కోటి 1.5 వోల్టులు. నాలుగు సెల్స్ వరుసగా పడితే 6 వోల్టులు, ఆరు పడితే 9. అడాప్టర్ కూడా చాలాసార్లు అంతే ఉంటుంది. కానీ ఇది ఊహ మాత్రమే, సరిచూసుకోవడానికి పనికొస్తుంది తప్ప దీన్నొక్కదాన్నే పట్టుకుని ముందుకెళ్ళకూడదు.

2. అడాప్టర్ మీద రాసింది చదవండి

లేబుల్ మీద బోలెడంత రాసి ఉంటుంది గానీ మనకి పనికొచ్చేవి రెండు వరుసలే. ఉదాహరణకి పై వరుసలో ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్, 0.5 ఆంపియర్’ అని, కింది వరుసలో ‘అవుట్‌పుట్ 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు’ అని ఉందనుకోండి. మొదటిది గోడలోంచి తీసుకునేది. రెండోది పరికరానికి ఇచ్చేది. చాలామంది తడబడేది ఇక్కడే. పై వరుసలోని 0.5 ఆంపియర్ చూసి ‘ఇది చాలదు’ అని పక్కన పడేస్తారు. ఆ 0.5కీ మీ పరికరానికీ సంబంధం లేదు. మీరు చూడాల్సింది కింది వరుస.

పై వరుస పూర్తిగా అనవసరమని కాదు. 100 నుంచి 240 దాకా అని ఉంటే ఏ దేశంలో గుచ్చినా పనిచేస్తుంది, ప్లగ్ ఆకారం కలిస్తే చాలు. 120 అని ఒక్కటే రాసి ఉంటే దాన్ని 230 వోల్టుల సాకెట్‌లో పెట్టకండి. వేరే దేశం నుంచి వచ్చిన పాత అడాప్టర్లలో ఈ ప్రమాదం ఎక్కువ. ప్లగ్ ఆకారం మార్చే చిన్న ముక్క వోల్టేజిని మార్చదు.

అంకెల పక్కన ఒక గుర్తు ఉంటుంది. అల లాంటి గీత ఉంటే ఏసీ. పైన నిండు గీత, దాని కింద ముక్కలు ముక్కలుగా ఇంకో గీత ఉంటే డీసీ. చిన్న పరికరాల్లో ఎక్కువ భాగం డీసీ అడుగుతాయి. అయితే కొన్ని పాత మోడెమ్‌లు, కొన్ని సంగీత పరికరాలు 9 వోల్టులో 12 వోల్టులో ఏసీ అడుగుతాయి. వాటి అడాప్టర్ కూడా చూడటానికి మిగతావాటిలాగే నల్లటి డబ్బా. దాన్ని తీసుకెళ్ళి డీసీ పరికరానికి గుచ్చితే ఆ పరికరం పోయినట్టే లెక్క. అవుట్‌పుట్ వరుసలో అల గుర్తు కనిపిస్తే ఆ అడాప్టర్‌ని వేరే డబ్బాలో పెట్టేయండి.

ఇంకో సంగతి లేబుల్ మీద ఉండదు, చేతికి తెలుస్తుంది. పాతకాలపు అడాప్టర్లలో ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి సైజుకి మించిన బరువుంటాయి. వీటిలో చాలావాటికి వోల్టేజిని నిలకడగా ఉంచే ఏర్పాటు ఉండదు. 9 వోల్టులని రాసున్నది ఖాళీగా కొలిస్తే 13, 14 చూపించడం మామూలే. పూర్తి లోడు పడినప్పుడే 9కి దిగుతుంది. ఇలాంటిదాన్ని చాలా తక్కువ కరెంటు తీసుకునే సున్నితమైన పరికరానికి పెడితే దానికి 9 కాదు, 13 వోల్టులు అందుతాయి. తేలిగ్గా ఉండి, ఇన్‌పుట్ 100–240 అని ఉన్నవి కొత్త తరహావి. అవి రాసిన వోల్టేజినే ఇస్తాయి. రెండూ చేతిలో ఉంటే తేలికదానికే నా ఓటు. ఒక్క రేడియో విషయంలో మాత్రం పాతదాన్ని పారేయకండి. కొత్త తరహా అడాప్టర్ కొన్నిసార్లు రేడియోలో గరగరమని రొద పెడుతుంది, బరువైన పాతది ఆ గోల పెట్టదు.

3. వోల్టులు కలవాల్సిందే

పరికరం 12 అడిగితే 12 ఇవ్వాలి. 9 అడిగితే 9. ఇందులో సర్దుబాటు చాలా తక్కువ. అటూ ఇటూ 5 శాతం తేడాని మామూలుగా పరికరాలు తట్టుకుంటాయి, అంటే 12 వోల్టుల పరికరానికి 11.4 నుంచి 12.6 దాకా. 19 వోల్టులు, 19.5 వోల్టులు ఒకదాని బదులు ఒకటి నడవడం అందుకే. పరికరం మీదే ‘9–12 వోల్టులు’ అని రాసి ఉంటే ఆ మధ్యలో ఏదైనా పర్వాలేదు.

ఎక్కువ వోల్టులు ఇస్తే వెంటనే ఢామ్మని పేలుతుందని ఏమీ లేదు. ఆ మాటకొస్తే అలా పేలకపోవడమే మోసం. చాలా చిన్న పరికరాల్లో 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ ఉంటుంది. బయటి నుంచి 9 వచ్చినా 12 వచ్చినా లోపలి సర్క్యూట్‌కి అది 5 వోల్టులే పంపుతుంది. మిగిలిందంతా వేడి కింద ఖర్చవుతుంది. పరికరం 0.3 ఆంపియర్ తీసుకుంటోందనుకోండి. 9 వోల్టుల అడాప్టర్ పెడితే మిగులు 4 వోల్టులు, వేడి 1.2 వాట్లు. 12 వోల్టులది పెడితే మిగులు 7, వేడి 2.1 వాట్లు. వేడిని లాగేసే లోహపు పలక లేని ఆ చిన్న ముక్కకి 2 వాట్లంటే చేయి పెట్టలేనంత. కాసేపు పనిచేసి, వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ మొదలవుతుంది. మీకు మాత్రం పరికరంలో ఏదో లోపం ఉన్నట్టు కనిపిస్తుంది.

కరెంటుని కాసేపు నిల్వచేసుకునే కెపాసిటర్ల కథ వేరు. 12 వోల్టుల పరికరంలో కరెంటు లోపలికొచ్చే గుమ్మం దగ్గర 16 వోల్టుల కెపాసిటర్ పెట్టడం మామూలు. దానికి పిన్ను దూరింది కదా అని ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ గుచ్చితే ఆ కెపాసిటర్ ఉబ్బుతుంది, లేదా పగిలి వాసనొస్తుంది. ఇలా పోయినదాన్ని బాగుచేయించే ఖర్చు కంటే కొత్త అడాప్టరే చవక. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

తక్కువ వోల్టులు ఇస్తే? చాలాసార్లు అసలు వెలగదు. వెలిగినా సరిగా నడవదు. స్పీకర్ సౌండ్ పెంచగానే బొంగురుపోతుంది, హార్డ్ డిస్క్ తిరగలేక టిక్కుటిక్కుమంటుంది. లోపల వోల్టేజి మార్చే సర్క్యూట్ ఉన్న రౌటర్ లాంటివి తక్కువ వోల్టేజి వస్తే ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతాయి. దాంతో అడాప్టర్ మీద భారం పెరుగుతుంది. లైటు వెలుగుతోంది కాబట్టి బాగానే ఉందనుకోవడం ఇక్కడా పొరపాటే.

4. ఆంపియర్లు సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి

వోల్టుల దగ్గర ఎంత పట్టుదలగా ఉండాలో ఆంపియర్ల దగ్గర అంత టెన్షన్ అక్కర్లేదు, ఒకవైపు. అడాప్టర్ కరెంటుని పరికరంలోకి నెట్టదు, పరికరమే తనకి కావలసినంత లాక్కుంటుంది. పదిమంది పట్టే బండిలో ఇద్దరెక్కితే బండికేం నష్టం లేదు, ఇద్దరు పట్టే బండి మీద పదిమంది ఎక్కితేనే చిక్కు. పరికరం 12 వోల్టులు 1 ఆంపియర్ అడిగితే 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ నిశ్చింతగా పెట్టొచ్చు. 5 ఆంపియర్లదైనా సరే. 12 వోల్టులు 0.5 ఆంపియర్‌ది మాత్రం పెట్టకూడదు.

కొన్ని లేబుళ్ళ మీద మిల్లీఆంపియర్లలో రాస్తారు. 1000 మిల్లీఆంపియర్లు ఒక ఆంపియర్. 600 అని ఉంటే 0.6. ఇంకొన్నింటి మీద వాట్లు మాత్రమే ఉంటాయి. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి: 24 వాట్లు, 12 వోల్టులు అంటే 2 ఆంపియర్లు. వాట్లు కలిశాయి కదా అని వోల్టులు చూడటం మానేయకండి. 24 వోల్టులు 1 ఆంపియర్ కూడా 24 వాట్లే.

చాలీచాలని అడాప్టర్ పెట్టినప్పుడు లక్షణాలు వింతగా ఉంటాయి. నిఘా కెమెరా ఒకటి తీసుకోండి. పగలంతా చక్కగా పనిచేస్తుంది. చీకటి పడగానే దాని చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, ఒక్కసారిగా కరెంటు అవసరం పెరుగుతుంది, అడాప్టర్ అంత ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది, కెమెరా రీస్టార్ట్ అవుతుంది. లేచాక మళ్ళీ లైట్లు, మళ్ళీ రీస్టార్ట్. తెల్లవార్లూ ఇదే వరస. కెమెరా మార్చినా పోని ఈ జబ్బు అడాప్టర్ మారిస్తే పోతుంది. మోటారు ఉన్నవాటికీ ఇంతే. బయట పెట్టుకునే పెద్ద హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని క్షణాల్లో మామూలు కంటే బాగా ఎక్కువ లాగుతుంది. అందుకే లెక్కకి సరిగ్గా సరిపోయేదాని కంటే ఒక పావు వంతు ఎక్కువ ఉన్నది తీసుకోవడం మంచిది.

అడాప్టర్ మీది చిన్న లైటు సెకనుకోసారి ఆరి వెలుగుతున్నా, లోపలి నుంచి టిక్ టిక్ వినిపిస్తున్నా భారం మోయలేక ఆగి, మళ్ళీ ప్రయత్నిస్తోందని అర్థం. అలాగే వదిలేయకుండా వెంటనే తీసేయండి.

5. ప్లస్ లోపలా, బయటా?

గుండ్రటి పిన్నుకి రెండు భాగాలు: లోపలి రంధ్రం, బయటి గొట్టం. ఒకటి ప్లస్, ఇంకోటి మైనస్. ఏది ఏదో చెప్పడానికి లేబుల్ మీద చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో చుక్క, దాని చుట్టూ కొంచెం తెరిచిన వలయం, ఒక్కోదాని నుంచి ఒక్కో గీత వెళ్ళి ప్లస్, మైనస్ గుర్తులకి కలుస్తుంది. మధ్య చుక్క ప్లస్‌కి కలిస్తే లోపల ప్లస్ అన్నమాట. పరికరం మీద బొమ్మ, అడాప్టర్ మీద బొమ్మ ఒకేలా ఉండాలి.

ఇప్పుడొస్తున్నవాటిలో ఎక్కువ భాగం లోపల ప్లస్. ఆ అలవాటే కొంప ముంచుతుంది. గిటార్ ఎఫెక్ట్ పెడల్స్ సాధారణంగా 9 వోల్టులు, లోపల మైనస్. కొన్ని పాత కీబోర్డులూ అంతే. వోల్టులు కలిసి, పిన్ను కలిసి, ప్లస్ మైనస్ తిరగబడితే రక్షణగా డయోడ్ (కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగం) ఉన్న పరికరం బతుకుతుంది. డయోడ్ లేనిది మాడుతుంది. మీదాంట్లో డయోడ్ ఉందో లేదో బయటి నుంచి తెలియదు.

బొమ్మ చెరిగిపోయి ఉంటే, బ్యాటరీ పెట్టే చోటు ఉన్న పరికరాల్లో ఒక ఉపాయముంది. బ్యాటరీలు తీసేసి, మల్టీమీటర్‌ని (వోల్టులూ అవీ కొలిచే చేతి మీటర్‌ని) బీప్ వచ్చే సెట్టింగ్‌లో పెట్టండి. ఒక తీగ బ్యాటరీ మైనస్ చివర, అంటే సాధారణంగా స్ప్రింగ్ దగ్గర పట్టి, రెండోది పరికరం జాక్‌లోని మధ్య పుల్లకీ, పక్క రేకుకీ ఆనించి చూడండి. ఎక్కడ బీప్ వస్తే అది మైనస్ వైపు. కొన్ని జాక్‌లలో బ్యాటరీని వేరుచేసే స్విచ్ ఉంటుంది కాబట్టి రెండుచోట్లా బీప్ రాకపోతే ఊహించి ముందుకెళ్ళకండి. ఎవరైనా మెకానిక్ చేత తెరిపించి చూడటం మేలు.

6. ఇప్పుడు పిన్ను

వోల్టులు, ఆంపియర్లు, డీసీ, ప్లస్ మైనస్ అన్నీ కలిశాక పిన్ను చూసుకోండి. ఎక్కువగా కనిపించేవి 5.5 బై 2.1, 5.5 బై 2.5, 4.0 బై 1.7, 3.5 బై 1.35. మొదటి అంకె బయటి వ్యాసం, రెండోది లోపలి రంధ్రం, రెండూ మిల్లీమీటర్లలో.

మొదటి రెండూ కవల పిల్లల్లాగే కనిపిస్తాయి. 2.1 రంధ్రమున్న పిన్ను 2.5 పుల్ల ఉన్న జాక్‌లోకి అసలు ఎక్కదు, కాబట్టి అది తెలిసిపోతుంది. తెలియనిది రెండోది: 2.5 రంధ్రమున్న పిన్ను 2.1 పుల్ల మీదికి హాయిగా వెళ్ళిపోతుంది గానీ లోపల గట్టిగా పట్టుకోదు. టేబుల్ కదిలితే రౌటర్ ఆరి వెలుగుతుంది. వైరు ఒక కోణంలో వంచి పెడితేనే పనిచేస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. వదులుగా ఉన్న చోట చిన్న చిన్న మెరుపులు పుట్టి జాక్ కూడా మాడిపోతుంది.

పిన్ను మార్చే చిన్న కన్వర్టర్లు దొరుకుతాయి, వాటితో తప్పేం లేదు. గొలుసులా రెండు మూడు తగిలించకుండా ఒకటితో సరిపెట్టుకోండి. కొన్ని ల్యాప్‌టాప్ అడాప్టర్లలో పిన్ను మధ్య సన్నటి మూడో పుల్ల ఉంటుంది. అడాప్టర్ తమదేనా కాదా అని ల్యాప్‌టాప్ దాని ద్వారా గుర్తుపడుతుంది. అక్కడ కన్వర్టర్ పెడితే మిషన్ ఆన్ అయినా బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు.

7. యూఎస్‌బీ అయితే సులువు, కొన్ని మెలికలు తప్ప

యూఎస్‌బీ పోర్టు మొదట ఇచ్చేది 5 వోల్టులే. ఫోన్ ఛార్జర్ మీద ‘5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 2 ఆంపియర్లు, 12 వోల్టులు 1.5 ఆంపియర్లు’ అని వరసగా రాసి ఉంటే కంగారు పడక్కర్లేదు. అన్నీ ఒకేసారి రావు. పరికరం, ఛార్జర్ మాట్లాడుకుని ఒప్పందం కుదిరితేనే వోల్టేజి పెరుగుతుంది. అడగడం చేతకాని పరికరానికి 5 వోల్టులే అందుతాయి. అందుకే 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్‌ని ఇయర్‌బడ్స్‌కి పెట్టినా ఏమీ కాదు. ‘ఎక్కువ వాట్లు పెడితే పాడైపోతుంది’ అనే భయం యూఎస్‌బీ దగ్గర అనవసరం.

వాట్లు ఎక్కువున్నా చాలకపోవడం మాత్రం జరుగుతుంది. రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ దీనికి మంచి ఉదాహరణ. అది 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కోరుకుంటుంది. అంటే 25 వాట్ల పైచిలుకు. 65 వాట్ల ఛార్జర్ 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు ఇస్తుంది గానీ 5 వోల్టుల దగ్గరకొచ్చేసరికి చాలా ఛార్జర్లు 3 ఆంపియర్లకే ఆగిపోతాయి. బోర్డు ఆన్ అవుతుంది, కానీ దాని యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకి మించి ఇవ్వదు. బయటి డిస్క్ తగిలిస్తే మొరాయిస్తుంది. కాబట్టి మొత్తం వాట్లు కాదు, మీ పరికరానికి కావలసిన వోల్టేజి ఉన్న వరుసలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి.

ఇంకో మెలిక: రెండు వైపులా టైప్ సి ఉన్న కేబుల్‌తో కొన్ని చవక పరికరాలు అసలు ఛార్జ్ కావు. పాత దీర్ఘచతురస్రపు ప్లగ్ నుంచి టైప్ సికి వచ్చే కేబుల్‌తో అవుతాయి. పరికరం పోర్టులో 5.1 కిలోఓమ్‌ల చిన్న రెసిస్టర్లు రెండు ఉండాలి. అవి ఉంటేనే అవతల ఎవరో ఉన్నారని సి ఛార్జర్ గ్రహించి కరెంటు వదులుతుంది. ఆ రెసిస్టర్లు పెట్టకుండా తయారీదారు మిగుల్చుకున్నదానికి మనం ఛార్జర్‌ని తిట్టుకుంటాం.

కేబుల్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సగం ఫిర్యాదులు తేలేది అక్కడే. సన్నటి కేబుళ్ళలో 28 గేజి తీగ ఉంటుంది, దాని నిరోధం మీటరుకి దాదాపు 0.21 ఓమ్. పోయే తీగ, వచ్చే తీగ కలిపి మీటరు కేబుల్‌కి 0.42. అందులోంచి 2 ఆంపియర్లు పారితే దారిలోనే 0.84 వోల్టులు పోతాయి. ఛార్జర్ 5 ఇస్తే పరికరానికి చేరేది 4.16. అదే 24 గేజి తీగైతే పోయేది 0.34 మాత్రమే, చేరేది 4.66. రాస్ప్‌బెర్రీ పై తక్కువ వోల్టేజి అని హెచ్చరించేది 4.63 దగ్గర. ఒకే ఛార్జర్‌తో ఒక కేబుల్ పాసై ఇంకోటి ఫెయిలవడానికి ఇదీ కారణం. కేబుల్ మీద గేజి నంబర్లు అచ్చువేసి ఉంటే తక్కువ నంబరున్నది లావు తీగ అని గుర్తుంచుకోండి. వీలైనంత పొట్టి కేబుల్ వాడండి.

కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంక్‌తో రౌటర్ నడపడానికి 5 వోల్టుల్ని 12 చేసే కేబుళ్ళు దొరుకుతాయి. కొనేముందు చిన్న లెక్క వేసుకోండి. 12 వోల్టులు 1 ఆంపియర్ అంటే 12 వాట్లు. మార్పిడిలో పోయే నష్టం కలుపుకుంటే 5 వోల్టుల వైపు సుమారు 2.8 ఆంపియర్లు కావాలి. పవర్ బ్యాంక్ 2 ఆంపియర్లే ఇస్తే అది పూర్తి లోడుకి నిలబడదు.

8. మల్టీమీటర్ ఉంటే ఒక్క నిమిషం

సొరుగులో దొరికిన, లేబుల్ చెరిగిపోయిన అడాప్టర్‌ని కొలవకుండా గుచ్చొద్దు. మీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టండి. అంతకంటే ఎక్కువ ఉండొచ్చనిపిస్తే 200లో పెట్టండి. ఎర్ర తీగ మొనని పిన్ను రంధ్రంలోకి, నల్ల తీగని బయటి గొట్టానికి ఆనించండి. ఎర్ర మొన రెండింటినీ ఒకేసారి తాకితే షార్ట్ అవుతుంది కాబట్టి నిటారుగా పట్టుకోండి. అంకె మామూలుగా వస్తే లోపల ప్లస్, ముందు మైనస్ గుర్తుతో వస్తే లోపల మైనస్. డీసీలో సున్నా దగ్గర ఆగిపోతే అది చచ్చిపోయి ఉండాలి, లేదా ఏసీ అవుట్‌పుట్‌ది అయ్యుండాలి. ఏసీ రేంజ్‌లో మార్చి ఇంకోసారి చూడండి.

ఖాళీగా కొలిచినప్పుడు సరిగ్గా 12 చూపించిందని అడాప్టర్ ఆరోగ్యంగా ఉందని చెప్పలేం. లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన పాత అడాప్టర్ కూడా ఖాళీగా 12 చూపిస్తుంది, భారం పడగానే 8కి జారిపోతుంది. పరికరం నడుస్తుండగా కొలవగలిగితేనే నిజం తెలుస్తుంది.

9. మొదటి పావుగంట దగ్గరే ఉండండి

కొత్తగా జత కలిపాక వదిలేసి వెళ్ళకండి. ముందు పిన్నుని పరికరానికి పెట్టి, తర్వాత గోడ స్విచ్ వేయండి. పదిహేను నిమిషాల తర్వాత అడాప్టర్‌ని, పరికరాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే మామూలే. చేయి పెట్టి ఉంచలేకపోతున్నా, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తున్నా, కీచుమని చప్పుడు చేస్తున్నా స్విచ్ ఆపేసి, అంకెలు మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకోండి.

రెండు పుల్లల అడాప్టర్‌తో నడిచే లోహపు శరీరమున్న పరికరాన్ని తాకితే వేళ్ళకి సన్నగా జివ్వుమనడం చాలామంది గమనించే ఉంటారు. రొదని అణచడానికి లోపల పెట్టే చిన్న కెపాసిటర్ ద్వారా వచ్చే అతి స్వల్ప కరెంటు అది. నిజంగా షాక్ కొట్టినట్టు ఉంటే మాత్రం ఆ అడాప్టర్ చెత్తబుట్టకే.

10. కొత్తది కొనేటప్పుడు, ఏవి కొనకూడదు

లేబుల్ మీద మీ దేశపు భద్రతా ముద్ర ఉందో లేదో చూడండి. చతురస్రంలో ఇంకో చతురస్రం ఉంటే రెండు పొరల ఇన్సులేషన్ అని, చిన్న ఇల్లు బొమ్మ ఉంటే ఇంటి లోపలే వాడాలని అర్థం. బయట గోడ మీది కెమెరాకి ఇల్లు బొమ్మ ఉన్నది కొని వానలో వదలకండి. వలయంలో రోమన్ అంకెల్లో 6 ఉంటే పొదుపు స్థాయి: 49 వాట్ల లోపు మామూలు అడాప్టర్ ఖాళీగా గుచ్చి ఉన్నప్పుడు 0.1 వాట్‌కి మించి తినకూడదు.

3 నుంచి 12 వోల్టుల దాకా స్విచ్‌తో మార్చుకునే అడాప్టర్లు ఒకటుంటే పరీక్షలకి పనికొస్తాయి. ఒక పరికరానికి శాశ్వతంగా పెట్టడం నాకిష్టం లేదు. ఆ స్విచ్ దుమ్ము తుడుస్తుంటే జరిగిపోతుంది. తప్పనిసరైతే వోల్టేజి కుదిరాక స్విచ్ మీద టేపు వేయండి.

అడాప్టర్లలాగే కనిపిస్తూ అడాప్టర్లు కానివి రెండున్నాయి. అవుట్‌పుట్ దగ్గర ‘20–40 వోల్టులు, 300 మిల్లీఆంపియర్లు’ అని ఒక శ్రేణి రాసి ఉంటే అది ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్. అది కరెంటుని స్థిరంగా ఉంచి వోల్టేజిని మారుస్తుంది, రౌటర్‌కి పెడితే చంపేస్తుంది. 4.2, 8.4, 12.6 వోల్టులని ఉన్నవి లిథియం బ్యాటరీ ఛార్జర్లు, ఒకటి, రెండు, మూడు సెల్స్ ఉన్న ప్యాక్‌ల కోసం. 12.6 వోల్టులది 12 వోల్టుల పరికరాన్ని నడిపించినా నడిపించొచ్చు గానీ, దానికి ఎదురు పని మాత్రం ఎప్పుడూ చేయకండి. లిథియం ప్యాక్‌కి మామూలు అడాప్టర్ నేరుగా తగిలిస్తే కరెంటుకి అదుపుండదు, నిండాక ఆపేవాళ్ళుండరు, ప్యాక్ ఉబ్బి నిప్పంటుకోవచ్చు. స్క్రూడ్రైవర్, డ్రిల్లు, టార్చి లైటు లాంటి వాటి ఛార్జర్ పోతే ఆ మోడల్‌కి తయారీదారు ఇచ్చే ఛార్జరే తెచ్చుకోండి.